చిన్న విమానం, రచనా జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్వయంగా చిన్న విమానం నడపాలన్న కోరిక, క్రమం తప్పకుండా రాయాలన్న కోరిక ఒకే మనిషిలో ఉన్నప్పుడు తలెత్తే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. చిన్న విమానం అంటే ఒకే పిస్టన్ ఇంజిన్ ఉండి, ఇద్దరో నలుగురో కూర్చోగలిగే సెస్నా 152, సెస్నా 172 వంటి వాటిని ఉద్దేశిస్తున్నాను. ఉద్యోగంగా కాక ఇష్టం కొద్దీ ఎగిరేవారి కోసం, అలా ఎగురుతూ కథలో వ్యాసాలో నవలలో రాయాలనుకునేవారి కోసం ఈ సమాధానాలు.

ఈ రెండింటికీ నిజంగా సంబంధం ఉందా?

ఉంది, కానీ అది చాలామంది అనుకునే చోట లేదు. ఆకాశం రచయితకు వస్తువును ఇస్తుందని సాధారణంగా అనుకుంటారు. మేఘాలు, సూర్యాస్తమయం, మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజు, వీటి గురించి రాయడం కొద్దికాలంలోనే అయిపోతుంది. చివరిదాకా మిగిలేది గమనించే అలవాటు. చిన్న విమానంలో కూర్చున్న మనిషి ప్రతి నిమిషం వేగాన్ని, ఎత్తును, దిశను, ఇంజిన్ శబ్దంలో వచ్చే మార్పును, చుట్టుపక్కల ఎగురుతున్న ఇతర విమానాలను కనిపెట్టి ఉండాలి. ఇప్పుడే ఇంజిన్ ఆగిపోతే ఏ పొలంలో దిగాలో కూడా ముందే ఎంచుకుని ఉంచుకోవాలి. ఈ అభ్యాసం స్థిరపడిన తర్వాత అస్పష్టమైన వాక్యాన్ని మనసు ఒప్పుకోదు. గాలి బలంగా వీచిందని రాసి ఊరుకోలేము. అది ఏ దిక్కు నుంచి, ఎన్ని నాట్ల (గాలి, విమానాల వేగానికి వాడే కొలత) వేగంతో, రన్‌వేకు ఏ కోణంలో వీచిందో, దాన్ని తట్టుకోవడానికి పైలట్ కాలు రడ్డర్‌ను (ముక్కును పక్కలకు తిప్పే, తోకలోని పలకను) ఎటు తొక్కిందో రాయాలనిపిస్తుంది. వాక్యంలో ఈ వివరాలన్నీ మిగలవలసిన అవసరం లేదు, కానీ రాసేవారికి అవి తెలిసి ఉన్నాయా లేదా అన్నది పాఠకులు పసిగడతారు.

విమానం నడిపిన రచయితలు రెండింటినీ ఎలా సాగించారు?

ఒక్కొక్కరిది ఒక్కో దారి. ఫ్రెంచి రచయిత ఆంత్వాన్ ద సాంతెగ్జుపెరీ 1926లో లాతెకోయేర్ సంస్థలో తపాలా విమానాల పైలట్‌గా చేరారు. తూలూజ్ నుంచి కాసాబ్లాంకా మీదుగా డకార్ వరకు సాగే మార్గంలో, సహారా అంచున ఉన్న కేప్ జూబీ స్థావరానికి అధికారిగా పనిచేస్తున్న రోజుల్లోనే ఆయన తన తొలి నవల మీద కృషి చేశారు. అది 1929లో వచ్చింది. రాత్రిపూట తపాలా విమానాల గురించిన రెండో నవల 1931లో వచ్చి ఫెమినా పురస్కారం పొందింది. ఆయనకు ఎగరడమే ఉద్యోగం, రచన ఆ ఉద్యోగం మిగిల్చిన ఖాళీలో జరిగిన పని. 1935 డిసెంబరు 30న మెకానిక్ ఆంద్రే ప్రెవోను వెంటబెట్టుకుని ఆయన నడుపుకెళ్తున్న విమానం ఎడారిలో కూలింది; దాహంతో చావు అంచులకు చేరిన ఆ ఇద్దరినీ ఒక బెదూయిన్ కాపాడాడు. కొద్ది వారాల్లోనే ఆయన ఆ ఘటనను ఒక పారిస్ పత్రికకు వ్యాసాలుగా రాశారు. మనం నేడు చదివే రూపం మాత్రం మూడేళ్లు దాటాక, 1939 నాటి పుస్తకంలో వచ్చింది. జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడు ఒకసారి, దాని అర్థం కుదుటపడ్డాక మరొకసారి రాసిన ఈ పద్ధతిని నేను అందరికీ సూచిస్తాను. 1944 జూలై 31న కార్సికా నుంచి నిఘా విమానంలో బయల్దేరిన ఆయన తిరిగి రాలేదు. ఆ విమాన శకలాలు మార్సెయ్ సమీపంలోని సముద్రంలో 2000లో దొరికాయి, అవి ఆయనవేనని 2004లో నిర్ధారణ అయింది.

నెవిల్ షూట్ దారి దీనికి భిన్నమైనది. ఆయన అసలు ఇంటిపేరు నార్వే; వృత్తిరీత్యా విమానాల ఇంజినీరు, ఆర్100 అనే గాలినౌక నిర్మాణంలో పనిచేశారు, 1931లో ఎయిర్‌స్పీడ్ అనే విమాన తయారీ సంస్థను స్థాపించినవారిలో ఒకరు. నవలలు రాస్తున్నాడని తెలిస్తే ఇంజినీరుగా తన మాటకు విలువ తగ్గుతుందేమోనని ఇంటిపేరు వదిలేసి ప్రచురించారు. పగలు ఇంజినీరింగు, సాయంత్రం నవల. 1948లో సొంత పెర్సివల్ ప్రాక్టర్ విమానంలో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ప్రయాణమై, తిరుగుదారిలో సుమత్రాలో విన్న ఒక యుద్ధఖైదీ కథను ఆధారం చేసుకుని 1950లో వచ్చిన తన ప్రసిద్ధ నవల రాశారు. ఉద్యోగం చేసుకుంటూ రాసే మన తెలుగు రచయితలకు అందరికంటే ఈయన జీవితమే దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

కెన్యాలో పెరిగిన బెరిల్ మార్కమ్ 1936 సెప్టెంబరు 4 సాయంత్రం ఇంగ్లండులోని ఆబింగ్డన్ నుంచి ఒంటరిగా బయల్దేరి, ఎదురుగాలిలో అట్లాంటిక్ దాటి, ఇంధనం ఇంజిన్‌కు అందకపోవడంతో కెనడాలోని కేప్ బ్రెటన్ దీవి మీద ఒక బురదనేలలో దిగారు. తూర్పు నుంచి పడమరకు ఇంగ్లండు నుంచి ఒంటరిగా ఆ సముద్రాన్ని దాటిన తొలి మహిళ ఆమె. 1942లో వచ్చిన ఆమె ఆత్మకథ దాదాపు నలభై ఏళ్లు మరుగున పడి, 1983లో మళ్లీ ముద్రణ పొంది ఎందరో పాఠకులను సంపాదించుకుంది. అందులో భర్త చేయి ఎంత ఉందన్న వివాదం ఇప్పటికీ ఉంది. నన్నడిగితే, ఆ విమానాన్ని నడిపిన మనిషికి మాత్రమే తెలిసే వివరాలు ఆ పుటల నిండా ఉన్నాయి.

ఉదయం రాయాలా, ఎగరాలా?

ఇది తేలికగా తీసేయవలసిన ప్రశ్న కాదు, ఎందుకంటే రెండు పనులూ ఉదయాన్నే కోరుకుంటాయి. నేల వేడెక్కే కొద్దీ గాలి పైకి లేచి విమానాన్ని కుదుపుతుంది కనుక, మన ప్రాంతంలో సూర్యోదయం తర్వాతి రెండు మూడు గంటలే చిన్న విమానానికి అనువైనవి. వేసవిలో మరో ఇబ్బంది ఉంది. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి 1,742 అడుగుల ఎత్తులో ఉంది. ఉష్ణోగ్రత 42 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం అక్కడి గాలి ఎంత పలచబడుతుందంటే, విమానం సుమారు 5,400 అడుగుల ఎత్తున్న చోటు నుంచి బయల్దేరినట్టే ప్రవర్తిస్తుంది. రన్‌వే మీద ఎక్కువ దూరం పరుగెత్తుతుంది, నెమ్మదిగా పైకి లేస్తుంది. కోస్తాలో ఎత్తు సమస్య లేకపోయినా తేమ ఉంటుంది.

కాబట్టి రోజులను పంచుకోవడం కంటే ఋతువులను పంచుకోవడం మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, పొగమంచు విడిపోయిన ఉదయాలను ఎగరడానికి ఇచ్చి, నైరుతి ఋతుపవనాల కాలంలో మేఘాలు కిందకు దిగి విమానాలు నేల మీదే ఉండే నెలలను దీర్ఘరచనకు కేటాయించండి. అయితే విరామం మరీ పెరగకూడదు. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో కనీసం మూడుసార్లు బయల్దేరి దిగి ఉండాలని అమెరికా నిబంధన. అది చట్టం అడిగే కనిష్ఠం మాత్రమే. చేతులకు అంతకంటే ఎక్కువ అభ్యాసం అవసరం. నవల పూర్తిచేసే తొందరలో నెలల తరబడి ఎగరకుండా ఉంటే, తిరిగి వెళ్లిన రోజు శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టండి.

గాలిలో ఉన్నప్పుడు నోట్సు రాసుకోవచ్చా?

వద్దు. ఈ ఒక్క విషయంలో నేను ఏ మినహాయింపూ ఇవ్వను. తొడకు కట్టుకున్న పలక మీద రాసుకోవలసినవి నియంత్రణ కేంద్రం ఇచ్చిన అనుమతి, రేడియో పౌనఃపున్యం, ఒక్కో గుర్తు దాటిన సమయం, ట్యాంకులో మిగిలిన ఇంధనం మాత్రమే. మంచి వాక్యం తడితే దాన్ని పోనివ్వండి. ఒంటరిగా నడుపుతున్న మనిషి ఉపమానం వెతుక్కునే ఆ కొద్ది క్షణాల్లో విమానం ఎత్తు కోల్పోవచ్చు, ఎదురుగా మరో విమానం రావచ్చు. బయల్దేరేటప్పుడు, దిగేటప్పుడు పక్కన కూర్చున్నవారు కూడా అనవసరమైన మాట మాట్లాడకూడదన్న పద్ధతి పెద్ద విమానాల్లో ఉన్నదే; రచయిత తనతో తాను మాట్లాడుకునే మాటకు కూడా అదే వర్తిస్తుంది.

ఇంజిన్ ఆపి, స్విచ్చులన్నీ కట్టేసి, విమానాన్ని తాళ్లతో కట్టాక, కారు ఎక్కకముందే అరగంట కూర్చుని రాయండి. పలక మీద ఉన్న అంకెలు అప్పుడు మీకు దారి చూపుతాయి: ఈ సమయానికి ఇక్కడ ఉన్నాను, అప్పుడు ఎడమవైపు వాన కనిపించింది, ఇక్కడ దిశ మార్చాను.

లాగ్‌బుక్ రచనకు ఉపయోగపడుతుందా?

ఎంతో. తేదీ, విమానం రకం, రిజిస్ట్రేషన్ అక్షరాలు, బయల్దేరిన చోటు, దిగిన చోటు, గడిపిన గంటలు నింపాక చివర వ్యాఖ్యల కోసం ఒక సన్నని గడి ఉంటుంది. అందులో ఏడెనిమిది మాటలే పడతాయి. ఆ మాటల్లో నిజం మాత్రమే రాయాలి. పక్కగాలిలో దిగడం సరిగా రాకపోతే అలాగే రాయండి. ఏళ్ల తర్వాత ఆ గడిలోని నాలుగు మాటలు ఒక పూర్తి ఉదయాన్ని తిరిగి నిలబెడతాయి. దీనికి తోడు విడిగా ఒక నోటుపుస్తకం ఉంచుకోవచ్చు, కానీ అందులోని కల్పన లాగ్‌బుక్‌లోకి ఎప్పుడూ రాకూడదు. అది లైసెన్సు అధికారులు చూసే చట్టబద్ధమైన పత్రం.

సాంకేతిక విషయాలను సాధారణ పాఠకులకు ఎలా చెప్పాలి?

జరిగేది చెప్పండి, చేతులు ఏం చేస్తాయో చెప్పండి. ఉదాహరణకు స్టాల్ అనగానే చాలామంది పాఠకులు ఇంజిన్ ఆగిపోయిందనుకుంటారు. నిజానికి ఇంజిన్ బాగానే తిరుగుతూ ఉండవచ్చు. రెక్క గాలిని కలిసే కోణం దాదాపు పదిహేను డిగ్రీలు దాటేసరికి, రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పోవలసిన గాలి విడిపోతుంది, విమానాన్ని నిలిపే బలం ఒక్కసారిగా తగ్గుతుంది, ముక్కు కిందకు వాలుతుంది. కింద నేల కనిపిస్తున్నప్పుడు మనిషి సహజంగా చేసే పని కంట్రోలును తన వైపు లాగడం. ప్రాణం నిలిపే పని దాన్ని ముందుకు తోయడం. ఈ ఒక్క వైరుధ్యాన్ని సరిగా చెప్పగలిగితే వాయుగతిశాస్త్రం గురించి మరో పేరా అవసరం లేదు.

అలాగే కార్బ్యురేటర్‌లో, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగంలో, మంచు. బయట వెచ్చగానే ఉన్నా, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, పెట్రోలు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేయడం వల్ల కార్బ్యురేటర్ గొంతులో మంచు పేరుకోవచ్చు. ఇంజిన్ వేగం చూపే ముల్లు కొంచెం కొంచెంగా కిందకు జారుతుంది. పైలట్ వేడిగాలి మీట లాగుతాడు. కరిగిన నీరు లోపలికి వెళ్లి ఇంజిన్ ఇంకా దగ్గుతుంది. పనిచేయలేదని భయపడి మీటను వెనక్కి నెట్టేయకుండా ఓపిక పట్టాలి, అప్పుడే అది తేరుకుంటుంది. ఇందులో ఒక కథకు కావలసిన ఉత్కంఠ మొత్తం ఉంది, దానికి అలంకారం జోడించనక్కర్లేదు.

వెయ్యి, రెండు వేల అడుగుల నుంచి మన నేల ఎలా కనిపిస్తుంది? దాని గురించి ఏం రాయవచ్చు?

నాకు అన్నింటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున పోయే జెట్ నుంచి నేల ఒక పటంలా మాత్రమే కనిపిస్తుంది. రెండు వేల అడుగుల నుంచైతే ఇళ్ల మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి, అదే చూపులో ఊరంతా పడుతుంది. తెలంగాణ మీద ఈ ఎత్తున ఎగిరినవారికి, నేల మీద నిలబడి చూస్తే ఎప్పటికీ అర్థంకాని ఒక సంగతి కళ్లకు కడుతుంది: కాకతీయుల కాలం నుంచి కట్టిన చెరువులు విడివిడిగా లేవు, ఒకదాని అలుగు నీరు కిందనున్న మరొకదానిలో చేరేలా వాలు వెంట గొలుసుకట్టుగా ఉన్నాయి. ఎక్కడ ఆ గొలుసు తెగి ఇళ్ల స్థలాలు వచ్చాయో కూడా అంతే స్పష్టంగా తెలుస్తుంది. గోదావరి మీదికి వస్తే, ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ నుంచి కాలువలు ఎలా చీలి, ఎలా సన్నబడి, పొలాల మధ్య కలిసిపోతాయో మొత్తం ఒకే దృశ్యంగా కనిపిస్తుంది.

ఈ చూపు మన సాహిత్యానికి కొత్తది కాదు. శాకుంతలం ఏడో అంకంలో దుష్యంతుడు రథంలో ఆకాశం నుంచి దిగుతూ, పైకి లేచే కొండ శిఖరాల మీంచి భూమి కిందకు జారుతున్నట్టు, ఆకుల్లో దాగిన చెట్లకు బోదెలు తేలుతున్నట్టు, సన్నగా కనిపించిన నదులు వెడల్పవుతున్నట్టు చూస్తాడు. దిగుతున్న విమానంలోంచి కనిపించే క్రమం సరిగ్గా ఇదే. విమానం ఎక్కని కవి దీన్ని ఎలా పట్టుకున్నాడో నాకు నేటికీ ఆశ్చర్యమే. ఎగురుతూ చూసినదాన్ని రాయాలనుకునేవారు ఆ దృశ్యంలోని కదలికను గమనించాలి. అక్కడ ఏదీ నిలకడగా లేదు, ప్రతిదీ ఒక స్థితి నుంచి మరో స్థితికి మారుతోంది.

భారతదేశంలో ప్రైవేటు పైలట్ లైసెన్సుకు ఏం కావాలి?

పదో తరగతి పూర్తి చేసి, 16 ఏళ్లు నిండితే విద్యార్థి పైలట్ లైసెన్సు, 17 ఏళ్లకు ప్రైవేటు పైలట్ లైసెన్సు పొందవచ్చు. క్లాస్ 2 అనే స్థాయి వైద్య ధ్రువపత్రం తప్పనిసరి. కనీసం 40 గంటలు ఎగరాలి. అందులో పది గంటలు ఒంటరిగా, వాటిలో అయిదు గంటలు దూరప్రయాణాలు ఉండాలి, ఒక ప్రయాణమైనా 150 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, వేర్వేరు రెండు విమానాశ్రయాల్లో పూర్తిగా ఆగి సాగాలి. వైమానిక నిబంధనలు, దిశానిర్ణయం, వాతావరణ శాస్త్రం, విమానం ఇంజిన్ల పరిజ్ఞానం మీద పరీక్షలు ఉంటాయి. రేడియో వాడటానికి వేరే ధ్రువపత్రం కావాలి. నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక చేరే ముందు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తాజా ప్రకటనలు చదవండి. నలభై గంటలకే లైసెన్సు వస్తుందని లెక్క వేసుకోకండి. ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో నేర్చుకునేవారికి సాధారణంగా అంతకంటే ఎక్కువే పడుతుంది, డబ్బు కూడా ఆ గంటల లెక్కనే ఖర్చవుతుంది.

అమెరికాలో ఉన్న తెలుగువారికి పద్ధతి వేరా?

గంటల లెక్క దాదాపు అంతే, కానీ చిన్న విమానాశ్రయాలు, అద్దెకు దొరికే విమానాలు అక్కడ చాలా ఎక్కువ. పౌరసత్వం లేనివారు శిక్షణ మొదలుపెట్టే ముందు రవాణా భద్రతా సంస్థ అనుమతి తీసుకోవాలని మరిచిపోకండి. నలుగురైదుగురు కలిసి ఫ్లయింగ్ క్లబ్‌లో సభ్యులైతే ఖర్చు తగ్గుతుంది, చెప్పుకోవడానికి మనుషులూ దొరుకుతారు.

ఎగరడం గురించి రాసి డబ్బు తీసుకోవచ్చా?

వ్యాసానికి పారితోషికం, పుస్తకానికి రాయల్టీ తీసుకోవడం రచనకు ప్రతిఫలం. దానికి ప్రైవేటు లైసెన్సు అడ్డు కాదు. విమానం నడిపినందుకు డబ్బు తీసుకోవడం మాత్రం కుదరదు. ఒక పత్రిక తన ఫొటోగ్రాఫర్‌ను ఎక్కించుకెళ్లమని విమానం అద్దె మొత్తం చెల్లిస్తానంటే, అక్కడ మీరు రచయిత స్థానం దాటి కిరాయి పైలట్ స్థానంలోకి వెళ్తున్నారేమో చూసుకోవాలి. అటువంటి ప్రతిపాదన వస్తే ఒప్పుకునే ముందు నియమాలు తెలిసినవారిని రాతపూర్వకంగా అడగండి.

రచయితలకు ప్రత్యేకంగా ఉండే ప్రమాదం ఏమైనా ఉందా?

ఉంది, అది కథ కోసం ఎగరడం. గడువు దగ్గరపడింది, ఆ ఊరి మీదుగా ఒక్కసారి వెళ్లి వస్తే అధ్యాయం పూర్తవుతుంది, ఆకాశం కొంచెం మబ్బుగా ఉన్నా ఫరవాలేదు అన్న ఆలోచన మొదలైతే విమానం దగ్గరకు వెళ్లకండి. సాంతెగ్జుపెరీ ప్రమాదమే ఇందుకు సాక్ష్యం. పారిస్ నుంచి సైగాన్‌కు అప్పటి రికార్డు కంటే వేగంగా చేరినవారికి లక్షా యాభై వేల ఫ్రాంకుల బహుమతి ఉంది, గడువు ఆ సంవత్సరంతోనే ముగుస్తోంది. అప్పుల్లో ఉన్న ఆయన సరైన సన్నాహం లేకుండా బయల్దేరారు; బరువు తగ్గించడానికి రేడియో కూడా తీసుకోలేదు. రాత్రి మేఘాల్లో, తానెక్కడ ఉన్నాడో తెలుసుకునే దారి లేక, ఎత్తు దిగుతూ నేలను ఢీకొన్నారు. దాని నుంచి గొప్ప రచన పుట్టిందన్నది నిజమే కానీ, ఆ ఇద్దరూ బతికారు కనుకనే పుట్టింది.

బయల్దేరే ముందు అనారోగ్యం, మందులు, మానసిక ఒత్తిడి, మద్యం, అలసట, ఉద్వేగం అనే ఆరింటిని సరిచూసుకోవాలని పైలట్లకు నేర్పుతారు. రాత్రంతా మేలుకుని రాసిన మనిషికి అలసట, తిరస్కరణ లేఖ అందుకున్న మనిషికి ఉద్వేగం ఆ జాబితాలోనివే. మద్యం విషయంలో భారత నిబంధన 12 గంటల విరామం కోరుతుంది.

నాకు వయసు మీరిపోయిందా?

ప్రైవేటు లైసెన్సుకు గరిష్ఠ వయసు లేదు, ఆరోగ్యం ఉంటే చాలు. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి తపాలా మోసుకొచ్చిన జె.ఆర్.డి. టాటా, యాభై ఏళ్ల తర్వాత 1982లో, 78 ఏళ్ల వయసులో అదే ప్రయాణాన్ని చిన్న విమానంలో ఒంటరిగా మళ్లీ చేశారు.

లైసెన్సు తీసుకోకుండా విమానాల గురించి రాయకూడదా?

రాయవచ్చు. కానీ కనీసం కొన్నిసార్లు శిక్షకుడి పక్కన కూర్చుని, కంట్రోలు చేతిలోకి తీసుకుని చూడండి. మెకానిక్‌లతో, ఇంధనం నింపేవారితో, నియంత్రణ గదిలో పనిచేసేవారితో మాట్లాడండి. మన కథల్లో పైలట్లైనా అప్పుడప్పుడు కనిపిస్తారు గాని వీరు కనిపించరు.

మొదట ఏం చేయాలి?

ఏ శిక్షణ సంస్థకూ డబ్బు కట్టకముందే వైద్య పరీక్ష చేయించుకోండి. చూపు, వినికిడి, రక్తపోటు, మధుమేహం వంటి విషయాల్లో అభ్యంతరం ఉంటే అప్పుడే తెలుస్తుంది, చికిత్సతో సరిపోయేదో కాదో వైద్యులే చెబుతారు. ఆ పత్రం చేతికి వచ్చాక రెండు మూడు సంస్థలకు వెళ్లి, ఎన్ని విమానాలు నిజంగా ఎగిరే స్థితిలో ఉన్నాయో, ఒక్కో శిక్షకుడికి ఎందరు విద్యార్థులో, వానాకాలంలో నెలకు ఎన్ని గంటలు దొరుకుతాయో అడగండి. మొత్తం రుసుము ఒకేసారి కట్టమంటే ఒప్పుకోకండి, విడతలుగా కట్టే పద్ధతి ఉన్నచోటే చేరండి. లాగ్‌బుక్ కొన్న రోజునే మీ నోటుపుస్తకం కూడా కొనుక్కోండి.